గ్రేడింగ్‌కి పంపిన 1954 హ్యాంక్ ఆరన్ కార్డు ‘కత్తిరించారు’ అని తిరిగొచ్చింది. ఇప్పుడేం చేయాలి?

కొలంబస్_రవి
మూడు నెలల కిందట ఇక్కడ ఒహాయోలో ఒక కార్డ్ షోలో 1954లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ ఆటగాడు హ్యాంక్ ఆరన్ కార్డు కొన్నాను. నంబర్ 128, ఆయన రూకీ కార్డు, అంటే మొదటి కార్డు. గ్రేడింగ్ కంపెనీ వాళ్ళు చూసి పదికి ఇంత అని గ్రేడ్ వేసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది కాదు, విడి కార్డు. బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన 1,600 డాలర్లు చెప్పాడు. అరగంట బేరమాడి 1,400 క్యాష్ ఇచ్చి తెచ్చుకున్నాను. మూలలు కాస్త మెత్తబడ్డాయి, వెనక చిన్న గమ్ మరక ఉంది, మడత మాత్రం ఎక్కడా లేదు. 4 ఖాయం, టైం బాగుంటే 5 అని లెక్కలేసుకున్నాను.

గ్రేడింగ్‌కి పంపాను (ఏ కంపెనీ అని అడగొద్దు). పది వారాలు ఎదురుచూశాక నిన్న కవరు వచ్చింది. గ్రేడ్ లేదు, డబ్బా లేదు. నేను పంపిన స్లీవ్‌లోనే కార్డు, దాని మీద ‘ఎవిడెన్స్ ఆఫ్ ట్రిమ్మింగ్’ అని చిన్న స్టిక్కర్. ఎక్కడ కత్తిరించారో ఒక్క ముక్క రాయలేదు. ఫీజు మాత్రం పట్టుకున్నారు.

దీనికిప్పుడు విలువ ఉందా, పోయిందా? ఇంకో కంపెనీకి పంపితే గ్రేడ్ వస్తుందా? అమ్మినాయన్ని అడిగితే మొహం మీదే నవ్వుతాడా? రాత్రంతా నిద్ర లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, కవరు బేస్‌మెంట్‌లో ప్రింటర్ వెనక పెట్టాను.

సియాటిల్_సుబ్బు
ఇంట్లో చెప్పలేదంటే కార్డు సంగతి తర్వాత. ముందు ప్రింటర్ పేపర్ అయిపోకుండా చూసుకో.

లూప్_బాబాయ్
రవీ, కంగారు పడకు. స్కేలు పెట్టి కొలిచావేమో, దాన్ని నమ్ముకోకు. 1954 టాప్స్ కొలత అడ్డం 2⅝ అంగుళాలు, నిలువు 3¾ అంగుళాలు అని అందరూ చెప్తారు. కానీ ఫ్యాక్టరీలో కోసినప్పుడే వెంట్రుకవాసి అటూ ఇటూ అయ్యేవి. కాబట్టి అదే సెట్‌లో ఎవరికీ పట్టని ఆటగాళ్ళవి (కామన్స్ అంటాం), మూలలు అరిగినవి రెండు మూడు కార్డులు కొను. పది, పదిహేను డాలర్లకి దొరుకుతాయి. నీ ఆరన్‌ని వాటి మధ్యలో పెట్టి, దొంతర పట్టుకుని, కింది అంచులు సమం చేసి, కంటికి ఎదురుగా పెట్టి చూడు. పొట్టి కార్డు ఉంటే లోయలా కనబడుతుంది.

తర్వాత నాలుగు అంచులూ లూప్‌లో, అంటే కంటికి ఆనించుకుని చూసే చిన్న అద్దంలో చూడు. 10ఎక్స్, అంటే పదింతలు పెద్దగా చూపేది చాలు. డెబ్భై ఏళ్ళ అట్ట అంచు లేత గోధుమరంగుకి తిరిగి, నూగు నూగుగా ఉంటుంది. బ్లేడు పడిన అంచు తెల్లగా, నున్నగా ఉంటుంది. ఒక అంచు మిగతా మూడింటి కంటే ‘వయసులో చిన్నది’ అనిపిస్తే అదే దొంగ.

1954 సెట్‌లో ఇంకో తిరకాసు ఉంది. మూడు పక్కలా తెల్లంచు ఉంటుంది, పైన ఉండదు. నీ ఆరన్ వెనకున్న నారింజ రంగు పై కొసదాకా వెళ్ళిపోతుంది చూడు. పక్కల కోస్తే తెల్లంచు సన్నబడి దొరికిపోతారు, పైన కోస్తే ఎవడికీ తెలియదు. అందుకని ముందు పైనే చూడు.

కొలంబస్_రవి
బాబాయ్ గారూ, థ్యాంక్స్. కామన్స్ ఇప్పుడే ఆర్డర్ పెట్టాను. లూప్ నా దగ్గర లేదు, మా అబ్బాయి సైన్స్ కిట్‌లో భూతద్దం ఉంది.

లూప్_బాబాయ్
భూతద్దంతో చీమలు చూసుకోవచ్చు. లూప్ కొను.

క్రికెట్_పిచ్చోడు
తెలియక అడుగుతున్నా, కొట్టకండి. కార్డు అసలైనదే కదా? ఆరన్ బొమ్మే కదా? పైన అర మిల్లీమీటరు పోతే ఏం పోయింది? మా ఊళ్ళో పెళ్ళి ఫొటో ఫ్రేములో పట్టకపోతే పక్కనున్న మేనమామనే కోసేశారు, ఫొటో విలువ తగ్గలేదు.

డెట్రాయిట్_ప్రసాద్
తేడా ఉంది తమ్ముడూ. పాత కార్డు మూల అరిగితే గ్రేడ్ పడిపోతుంది. అరిగిన మూలని కాస్త కోసేస్తే మళ్ళీ సూదిలా కనబడుతుంది. అంటే 3 రావాల్సిన కార్డుని 6లా చూపించి అమ్ముకోవచ్చు. పాలలో నీళ్ళు కలిపితే పాలు కాకుండా పోవు, కానీ పాల ధరకి కొంటామా?

నా మటుకు కత్తిరించిన కార్డు చచ్చిన కార్డే. రవి గారు బాధపడినా సరే.

కామన్స్_కలెక్టర్
ప్రసాద్ గారితో ఏకీభవించను. నా బైండర్‌లో సగం చచ్చినవే అయితే నేను శ్మశానం కాపలాదారుని అన్నమాట.

టీ206 సెట్ కడుతున్నాను, 1909 నుంచి 1911 దాకా సిగరెట్ పెట్టెల్లో వచ్చినవి. మొత్తం ఐదొందల ఇరవై పైచిలుకు. ఇప్పటికి 140 చేరాయి. మూల చిరిగినవి, వెనక ఆల్బమ్ జిగురు అంటుకున్నవి, ఎవడో పిల్లాడు పెన్సిల్‌తో మీసాలు దిద్దినవి. గ్రేడ్ వేయిస్తే అన్నీ 1 కిందే. నూట పదిహేనేళ్ళ కిందటి అట్ట ముక్క, ఒకడి చొక్కా జేబులో తిరిగింది. నాకు అది చాలు.

గుంటూరు_కుర్రాడు
గ్రేడింగ్ మాట వింటే మా తాత గుర్తొస్తాడు. చీరాల ఐఎల్‌టీడీ కంపెనీలో పొగాకు గ్రేడింగ్ దగ్గర పనిచేసేవాడు. ఆకు రంగు, మచ్చ, పొడవు, కండ చూసి గ్రేడు కట్టేవాళ్ళు. ‘పొద్దున కాఫీ తాగి చూస్తే ఒక గ్రేడు, మధ్యాహ్నం ఆకలి మీద చూస్తే ఇంకో గ్రేడు’ అని నవ్వేవాడు. రవి అన్నా, నీ కార్డు చూసినాయన భోంచేశాడో లేదో కనుక్కో.

డెట్రాయిట్_ప్రసాద్
గుంటూరు తమ్ముడు సరదాకి అన్నా అందులో చుట్టరికం ఉంది. టీ206 కార్డులు వేసింది అమెరికన్ టొబాకో కంపెనీ. అదే కంపెనీ 1902లో ఇంగ్లండ్ ఇంపీరియల్ వాళ్ళతో కలిసి బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టింది. మన గుంటూరు జిల్లాలో పొగాకు నాటించిన ఐఎల్‌టీడీ ఆ వంశంలోదే. 1911లో ఇక్కడి సుప్రీంకోర్టు గుత్తాధిపత్యం అని చెప్పి అమెరికన్ టొబాకోని ముక్కలు చేసింది. టీ206 కార్డులు ఆగిపోయిందీ ఆ ఏడాదే.

గుంటూరు_కుర్రాడు
అయితే మా తాత హోనస్ వ్యాగ్నర్‌కి వేలువిడిచిన మేనమామ. టీ206 వ్యాగ్నర్‌లో మాకు వాటా రావాలి.

క్రికెట్_పిచ్చోడు
ఆ వ్యాగ్నర్ ఎవరు? కోట్ల కార్డు ఆయనదేనా?

కామన్స్_కలెక్టర్
పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో షార్ట్‌స్టాప్ అనే చోట ఫీల్డింగ్ చేసేవాడు. ఆయన కార్డు వేయడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. సిగరెట్ కోసం పిల్లలు ఎగబడతారని ఆయన వద్దన్నాడని ఒక కథ, డబ్బులు కుదరలేదని ఇంకో కథ. ఆయన పొగాకు నమిలేవాడు కాబట్టి రెండో కథ నమ్మేవాళ్ళూ బోలెడుమంది. ఏదైతేనేం, ఇప్పుడు లోకంలో మిగిలినవి అరవై లోపే అంటారు. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకి చేతులు మారింది. దాని గ్రేడ్ ఎంతనుకున్నారు? 2. పదికి రెండు.

సియాటిల్_సుబ్బు
పదికి రెండొస్తే మా నాన్న బెల్టు తీసేవాడు.

లూప్_బాబాయ్
వ్యాగ్నర్ మాట వచ్చింది కాబట్టి ప్రసాద్ గారిని ఒకటి అడుగుతాను. మీ లెక్కన కత్తిరించిన కార్డు చచ్చిన కార్డు. మరి లోకంలో అన్నింటికంటే పేరున్న వ్యాగ్నర్ సంగతేమిటి? 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, ఆయన భాగస్వామి కలిసి వేలంలో 4,51,000 డాలర్లకి కొన్నది. పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ పెట్టిన కొత్తలో మొట్టమొదట గ్రేడ్ వేసిన కార్డు అదే, 8 ఇచ్చారు. దాన్ని గ్రెట్జ్‌కీ కంటే ముందు చేతిలో పెట్టుకున్న బిల్ మాస్ట్రో, అంచులు కోసింది నేనేనని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అప్పటికే 2007లో అది 28 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది, కొన్నాయన ఇప్పటికీ దాన్ని గర్వంగా చూపించుకుంటాడు.

రవి కోస్తే తప్పు, వ్యాగ్నర్‌ని కోస్తే చరిత్రా?

కొలంబస్_రవి
బాబాయ్ గారూ, నేను కోయలేదండీ!! నేను కొన్నాను అంతే.

డెట్రాయిట్_ప్రసాద్
బాబాయ్ గారూ, ఆ ఉదాహరణ మీ వాదనకి కాదు, నా వాదనకి పనికొస్తుంది. ఆ కార్డు మీద నిజం బయటపడింది కాబట్టి దానికి కథ అంటుకుంది, కథకి ధర పలుకుతోంది. రవి గారి ఆరన్‌కి కథ లేదు, స్టిక్కర్ ఉంది. పైగా గ్రేడింగ్ వాళ్ళనీ గుడ్డిగా నమ్మొద్దని అదే కార్డు చెప్తోంది. కోసిన దానికి 8 ఇచ్చారు.

లూప్_బాబాయ్
చివరి మాటకి సంతకం పెడతాను. మొదటి మాటకి పెట్టను.

శ్రీలత_ప్లానో
కోసిన కార్డుకే ఇంత ఏడుస్తున్నారు. మా ఇంట్లో జరిగింది వినండి.

మూడేళ్ళ కిందట పక్క వీధిలో ఎస్టేట్ సేల్, ఇంట్లో సామానంతా అమ్మేస్తారు కదా, అది. మా ఆయన పాత రేడియో చూడ్డానికి వెళ్ళి, 1952 టాప్స్ కార్డు, బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్‌ది పట్టుకొచ్చాడు. 300 డాలర్లు. చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చి ‘శ్రీ, ఇక ఉద్యోగాలు మానేద్దాం’ అన్నాడు. ఆ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకి పోయిందని ఫోన్‌లో చూపించాడు. నాకూ చేతులు వణికాయి, అబద్ధం చెప్పను.

రాత్రి పదకొండింటికి పిల్లల పోకెమాన్ కార్డు పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే సైజు! 1952 టాప్స్ పెద్ద సైజు కదా, 1957 నుంచే ఇప్పటి 2½ × 3½ అంగుళాల సైజు. వెనక తిప్పితే ఒక మూల కాగితం రేగి నూగులేచి ఉంది. ఎవరో గీకేశారు. 1983లో టాప్స్ వాళ్ళే 1952 సెట్‌ని మళ్ళీ అచ్చేసి, వెనక రీప్రింట్ అని చిన్నగా వేశారు. ఆ అక్షరాలే గీకి తీసేశారు.

మర్నాడు మా ఆయన మామూలుగానే ఆఫీసుకి వెళ్ళాడు.

సియాటిల్_సుబ్బు
‘మామూలుగానే ఆఫీసుకి వెళ్ళాడు’ 😂😂 అక్కా, ఆ పోకెమాన్ కార్డు దాచి పెట్టండి. మీ కాపురాన్ని కాపాడింది.

నవీన్_నిజామాబాద్
మాంటిల్ కార్డులు సముద్రంలో పారేశారని ఎక్కడో చదివిన. నిజమేనా, వాట్సాప్ కథా?

కామన్స్_కలెక్టర్
నిజమే. 1952 సెట్‌లో 311 నుంచి 407 దాకా ఉన్న కార్డులు సీజన్ చివర్లో వచ్చాయి. అప్పటికి పిల్లలు ఫుట్‌బాల్‌లో పడ్డారు, అమ్ముడుపోలేదు. టాప్స్ గోడౌన్‌లో ఏళ్ళ తరబడి మూలిగాయి. ఆ సెట్‌ని తీర్చిదిద్దిన సై బెర్గరే 1960 ప్రాంతంలో వాటిని చెత్త పడవకెక్కించి న్యూయార్క్ దగ్గర అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేక.

మాంటిల్ నంబర్ 311. తమాషా ఏంటంటే, షీట్ మీద మాంటిల్‌ది రెండుసార్లు అచ్చయింది కాబట్టి ఆ వరసలో మిగతా చాలా కార్డుల కంటే అదే ఎక్కువ దొరకాలి. అది ఆయన రూకీ కార్డు కూడా కాదు, రూకీ 1951లో బౌమన్ కంపెనీ వేసింది. అయినా జనం దీని వెనకే పడతారు.

నవీన్_నిజామాబాద్
అయ్యో. మా మేనమామ న్యూజెర్సీ నుంచి వచ్చేటప్పుడు ఒక డబ్బా తెచ్చిండు, సుమారు రెండు వేల కార్డులు. 1988, 89, 90 అని ఉన్నయి. టాప్స్, డాన్‌రస్, ఫ్లీర్ పేర్లు. అమెరికా పంపిస్తే ఎంతొస్తది?

లూప్_బాబాయ్
పోస్టు ఖర్చుకి సరిపోవు నాయనా. ఆ ఏళ్ళలో ప్రతివాడూ ‘ఇవి రేపు బంగారం’ అని డబ్బాలకి డబ్బాలు దాచాడు, కంపెనీలు కూడా లారీలకి లారీలు అచ్చేశాయి. అందరూ దాచింది అరుదైనది ఎలా అవుతుంది? ఇక్కడ దాన్ని జంక్ వ్యాక్స్ కాలం అంటారు. అందులో 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన కెన్ గ్రిఫీ జూనియర్ కార్డు, నంబర్ 1 ఉంటే మాత్రం విడిగా తీసి పెట్టు. అదీ మూలలు బాగుంటేనే.

నవీన్_నిజామాబాద్
అప్పర్ డెక్ ఒక్కటి కూడా లేదు. పిల్లలకిచ్చి ఇల్లు కట్టుకోమంట.

క్రికెట్_పిచ్చోడు
మనకీ ఉండేవి కదా ఇలాంటివి. బబుల్ గమ్‌లో క్రికెటర్ల బొమ్మలు, వెనక పరుగులు, వికెట్లు. కపిల్ దేవ్ కోసం ఎన్ని గమ్‌లు నమిలానో, దవడలు పడిపోయాయి. ఒక్కటి దాచుకున్నా ఇప్పుడు ఇక్కడ ఫొటో పెట్టేవాణ్ణి.

గుంటూరు_కుర్రాడు
మేము సిగరెట్ పెట్టె అట్టలు. చార్మినార్ తక్కువ, ఫారిన్ పెట్టె దొరికితే రాజు. గీత గీసి బిళ్ళతో కొట్టి గెలుచుకోవడం. మా అమ్మ ఒక సంక్రాంతికి మొత్తం భోగి మంటలో వేసింది.

శ్రీలత_ప్లానో
అమ్మలందరూ అంతే. ఇక్కడి పాత కలెక్టర్లని అడగండి, ‘కాలేజీకి వెళ్తే మా అమ్మ పారేసింది’ అనని వాడు లేడు. అందరి అమ్మలూ పారేశారు కాబట్టే మిగిలినవాటికి ఆ ధర. మాకు కమిషన్ రావాలి అసలు.

కొలంబస్_రవి
అప్‌డేట్. కామన్స్ మూడు వచ్చాయి, లూప్ వచ్చింది. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక బేస్‌మెంట్‌లో కూర్చున్నాను.

అడ్డం సరిగ్గా ఉంది. నిలువు తక్కువ. దొంతర చేసి చూస్తే బాబాయ్ గారు చెప్పినట్టే చిన్న లోయ. వేలితో తడిమితే తెలుస్తోంది. అదీ సమంగా లేదు, ఎడమ కొస దగ్గర ఎక్కువ, కుడి వైపుకి వచ్చేసరికి దాదాపు సున్నా. లూప్‌లో మూడు అంచులు టీ మరక పడ్డ గుడ్డలా ఉన్నాయి, పోగులు కనబడుతున్నాయి. పై అంచు మాత్రం కొత్త విజిటింగ్ కార్డులా ఉంది. పై మూలలు రెండూ సూదిగా ఉన్నాయి, కింది మూలలు గుండ్రంగా అరిగాయి. కొన్నప్పుడు ‘పై మూలలు ఎంత బాగున్నాయో’ అని మురిసిపోయింది నేనే. బుర్ర పెట్టి ఆలోచిస్తే ఒకే కార్డుకి రెండు మూలలు ఎందుకు అరుగుతాయి, రెండు ఎందుకు అరగవు?

లూప్_బాబాయ్
ఇక సందేహం లేదు. వంకరగా పోయిందంటే గిలెటిన్ మిషన్ కాదు, చేత్తో స్కేలు పెట్టి బ్లేడుతో లాగారు. ఇంకో కంపెనీకి పంపి ఫీజు తగలేయకు. కావాలంటే ‘ఆథెంటిక్’ అని మాత్రం రాయించి డబ్బాలో పెట్టించుకోవచ్చు. కార్డు అసలైనదే, మార్పు జరిగింది అని అర్థం. అలాంటివాటికీ కొనేవాళ్ళున్నారు, మంచి కార్డు ధర పెట్టలేనివాళ్ళు.

ఒక్కమాట. కోసినవాళ్ళందరూ మోసగాళ్ళు కాదు. నా దగ్గర 1953 కార్డు ఒకటుంది, నాలుగు పక్కలా కోసి సరిగ్గా 1957 సైజుకి తెచ్చారు. ఎవరో పిల్లాడు కొత్త కార్డులతో పాటు ఒకే డబ్బాలో పట్టాలని కత్తెర వేసుంటాడు. కత్తెర గాట్లు కూడా కనబడతాయి. దాన్ని చూస్తే నాకు కోపం రాదు.

డెట్రాయిట్_ప్రసాద్
పిల్లాడు నాలుగు పక్కలా కోస్తాడు. అమ్మేవాడు ఎవరికీ కనబడని పక్క కోస్తాడు. రవి గారిది రెండో రకం. అమ్మినాయనకి తెలిసి అమ్మాడా, తెలియక అమ్మాడా అన్నదే ప్రశ్న. వెళ్ళి అడగండి. మొహమాటపడితే 1,400 మొహమాటం అవుతుంది.

కామన్స్_కలెక్టర్
అడిగేటప్పుడు గొంతు పెంచొద్దు. షోల్లో బల్లలు పెట్టేవాళ్ళు ఒకరికొకరు తెలుసు, పేరు చెడిపోతుందని భయం ఉంటుంది. స్టిక్కర్ చూపించండి, ఆ మూడు కామన్స్ కూడా తీసుకెళ్ళి బల్ల మీద దొంతర పెట్టి ఆయన్నే చూడమనండి. ఇకముందు మాత్రం విడి కార్డు వంద దాటితే జేబులో అదే సెట్ కామన్ లేకుండా షోకి వెళ్ళొద్దు.

ట్యాక్స్_తాతయ్య
పక్కదారి అయినా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మంచి కార్డు ఏడాదికి పైగా పెట్టుకుని లాభానికి అమ్మితే మామూలు షేర్ల లెక్క కాదు. ఇక్కడి ట్యాక్స్‌లో వీటిని కలెక్టిబుల్స్ కింద చూస్తారు, రేటు గరిష్ఠంగా 28 శాతం దాకా పోతుంది. కొన్న రసీదు దాచండి. క్యాష్‌కి కొన్నా సరే, ఒక కాగితం మీద రాయించుకోండి. రవి గారి దగ్గర కాగితం ఉందా?

కొలంబస్_రవి
లేదండి తాతయ్య గారూ. ఆయన విజిటింగ్ కార్డు ఉంది. దాని అంచులు బాగున్నాయి.

క్రికెట్_పిచ్చోడు
😂 రవి అన్న కోలుకుంటున్నాడు.

మీ మాటలు వింటూ ఈ ఆరన్ గురించి చదివాను. 1974 ఏప్రిల్ 8న 715వ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి బేబ్ రూత్ రికార్డు 714 దాటాడట. నల్లవాడు రూత్‌ని దాటడమేమిటని చంపుతామంటూ ఉత్తరాలు రాశారట. మొత్తం 755 కొట్టాడు. ఇంత చదివాక కార్డు అర మిల్లీమీటరు గురించి ఏం మాట్లాడాలో తెలియట్లేదు.

కామన్స్_కలెక్టర్
ఇంకోటి విను. 1954లో ఆయన జట్టులోకి వచ్చిందే అదే జట్టు ఆటగాడు బాబీ థామ్సన్ చీలమండ విరిగి చోటు ఖాళీ అయితే. ఆ స్ప్రింగ్‌లో అది విరగకపోతే 1954 టాప్స్‌లో ఆ నారింజ రంగు కార్డు పడినా ఇంతగా వెతికేవాళ్ళమా అని నాకు అనుమానం.

1957 ఆరన్ కార్డు కూడా చూడు. నెగెటివ్ తిరగేసి అచ్చేశారు, కుడిచేతి వాటం మనిషి ఎడమ వైపు నిలబడి ఉంటాడు. 1956 దాంట్లో చిన్న బొమ్మలో జారుతున్నది ఆరన్ కాదు, విల్లీ మేస్. ఆయన్ని టాప్స్ వాళ్ళు వరసగా రెండేళ్ళు ఏడిపించారు.

శ్రీలత_ప్లానో
రవి గారూ, ఇంట్లో చెప్పారా?

కొలంబస్_రవి
చెప్పే అవకాశం రాలేదు. క్యాష్ ఇచ్చానని ధీమాగా ఉన్నాను, గ్రేడింగ్ ఫీజు క్రెడిట్ కార్డు మీద పడింది. స్టేట్‌మెంట్ చూసి ‘ఇదేంటి’ అంది. చెప్పాను. ఓ నిమిషం ఏమీ అనలేదు. తర్వాత ‘కోసింది కనిపెట్టడానికి 1,400 పెట్టాలా, నన్నడిగితే చెప్పేదాన్ని, చీర అంచు ఎవరైనా తీసి కుడితే మాకు తెలియదా’ అంది. లూప్ తీసుకుని చూసి పై అంచు ఒక్క చూపులో పట్టేసింది. నాకు గంట పట్టింది.

సియాటిల్_సుబ్బు
వదిన గారిని ఫోరంలో చేర్పించు. లూప్ బాబాయ్‌కి పోటీ.

లూప్_బాబాయ్
పోటీ ఏమిటి, నేను రిటైర్ అవుతాను.

కొలంబస్_రవి
రెండు వారాల తర్వాత అప్‌డేట్. మొన్న ఆదివారం మళ్ళీ షో పెట్టారు, వెళ్ళాను. ఆ పెద్దాయన అదే మూల బల్ల దగ్గర, అదే టోపీ. స్టిక్కర్ చూపించాను. మొదట ‘విడి కార్డు, చూసుకుని కొన్నావు’ అన్నాడు. మాట పెంచకుండా కామన్స్ మూడూ తీసి దొంతర పెట్టాను. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కార్డుని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. పక్క బల్లాయన్ని పిలిచి చూపించాడు. తాను ఒక ఎస్టేట్ నుంచి పెద్ద లాట్ కొన్నానని, దీన్ని కొలవలేదని అన్నాడు. నిజమో కాదో దేవుడికెరుక.

మొత్తం వాపసు ఇవ్వనన్నాడు. కార్డు వెనక్కిస్తే 1,000 ఇస్తానన్నాడు, నేనే ఉంచుకుంటే 450 తిరిగిస్తానన్నాడు. 450 తీసుకుని కార్డు తెచ్చుకున్నాను. ప్రసాద్ గారు తిడతారని తెలుసు.

డెట్రాయిట్_ప్రసాద్
తిట్టను. 950కి కోసిన ఆరన్, కోసినదని తెలిసి కొన్నట్టే లెక్క. అది సబబైన ధరే. తెలియకుండా 1,400 పెట్టడమే నాకు మంట. మళ్ళీ అమ్మే రోజు వస్తే మాత్రం కోసిన సంగతి మొదటి వాక్యంలో రాయండి, చివర్లో కాదు.

కొలంబస్_రవి
తప్పకుండా. స్టిక్కర్ కూడా స్లీవ్ వెనక అలాగే ఉంచాను.

కామన్స్_కలెక్టర్
ఆ మూడు కామన్స్ ఎవరెవరివి? నా 1954 సెట్‌కి తక్కువున్నాయి, అక్కర్లేకపోతే నాకమ్మండి.

కొలంబస్_రవి
అమ్మను. వాటి వల్లే 450 వచ్చింది. పైగా మా అబ్బాయి వాటిని తన బైండర్‌లో పెట్టేసుకున్నాడు, ఆరన్ పక్కన.

గుంటూరు_కుర్రాడు
అన్నా, ఆ లూప్ ఏ రకం, ఎంతకి కొన్నావు? మా నాన్నకి పాత నాణేల పిచ్చి ఉంది, పనికొస్తుందా?

లూప్_బాబాయ్
నాణేలకీ అదే. 10ఎక్స్, మూడు అద్దాలది తీసుకో, 20 డాలర్ల లోపే. 30ఎక్స్ అని అంటగడతారు, వద్దు, కంటికి ఏమీ ఆనదు.